లైట్ డ్యూటీ

రామాంజులు పదకొండేళ్ళుగా ఖతర్‌లో పరంజాలు కడుతున్నాడు. ఊరు రాయచోటి పక్కన ఒక పల్లె, వయసు నలభై ఒకటి. ఇరవయ్యో అంతస్తు ఎత్తున పైపు మీద నిలబడి పైపులను కలిపే క్లాంపు బిగించేటప్పుడు కూడా కాళ్ళు వణకవని సైట్లలో అతనికి పేరు. అలాంటి మనిషికి దెబ్బ నేల మీద తగిలింది.

మార్చి నెలలో, లుసైల్‌లో కడుతున్న ఒక టవర్ దగ్గర, ఆరు మీటర్ల ఇనప పైపుల కట్టను ఇద్దరు మోసుకొస్తున్నారు. ముందున్నవాడి కాలు జారింది. కట్ట వదిలేశాడు. బరువంతా వెనకున్న రామాంజులు మీదికి వచ్చింది. నడుములో ఏదో పుటుక్కుమన్న చప్పుడు అతనికి వినపడింది. పక్కనున్నవాళ్ళు తమకేమీ వినపడలేదన్నారు.

స్కాన్ తీశారు. నడుము దగ్గర డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందని, ఆపరేషన్ అక్కర్లేదని, బరువులు మాత్రం ఎత్తకూడదని డాక్టరు చెప్పాడు. నెలరోజులు పనివాళ్ళ క్యాంపులో మంచం మీద పడుకున్నాక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఆఫీసులో పనివాళ్ళ కాగితాలు చూసే హమీదుద్దీన్ హైదరాబాదు మనిషి. ఒక ఫారం ముందుకు తోశాడు.

“లైట్ డ్యూటీ ఇచ్చిన్రు నీకు. మోసేది లేదు, ఎక్కేది లేదు. కుర్చీల కూర్చోని గేటు చూస్కో. ఏసీ ఉన్నది. ఇంకేం కావాలె భాయ్?”

“ఇంటికి పంపిస్తే కొన్నాళ్ళు పడుకోని వస్తా సార్.”

“ఇప్పుడు కుదరదు. యాక్సిడెంట్ ఫైల్ నడుస్తున్నది. మెడికల్ బోర్డు చూసి రాసిస్తేనే ఫైల్ బందయితది. అప్పటిదాంక నిన్ను పంపలేం, పెద్ద పనీ ఇవ్వలేం.”

బోర్డు తారీఖు జూన్‌లో అన్నారు. తర్వాత సెప్టెంబరుకు జరిగింది. ఆ తర్వాత తారీఖు చెప్పడం మానేశారు.

ఉమ్ సలాల్ అనే ఊరు దాటి, తోటల మధ్య మట్టిరోడ్డు మీద కొంత దూరం పోతే కంపెనీ యార్డు వస్తుంది. సైట్లలో పని తీరిన పైపులు, పలకలు, క్లాంపులు తెచ్చి పడేసే చోటది. చుట్టూ మనిషికి అందనంత ఎత్తున గోడ. ఒకటే గేటు, దాని మీద కెమెరా. గేటు పక్కన రేకుల క్యాబిన్. అందులో బల్ల, కుర్చీ, రిజిస్టరు, ఏసీ. లారీ వస్తే గేటు తీసి, ఏం దింపారో ఏం ఎక్కించారో రాయాలి. వారానికి రెండు లారీలు వస్తే ఎక్కువ. తెల్లారకముందే బస్సు అతన్ని గేటు దగ్గర దించి మిగతావాళ్ళతో సైట్లకు పోయేది. సాయంత్రం ఆరింటికి వచ్చి ఎక్కించుకునేది.

క్యాంపు గదిలో ఎనిమిది మంది. అతని పక్క మంచం గౌస్ మొహియుద్దీన్‌ది. ఆర్మూరు మనిషి, ప్లంబరు. మొదటి రోజు సాయంత్రం రామాంజులు బూట్లు విప్పుకుంటుంటే గౌస్ నవ్వాడు.

“నీ నసీబు మంచిగున్నది రామన్నా. గీ ఎండల మేం మాడుతుంటె నువ్వు ఏసీల కూసుంటవ్.”

భార్య శివకుమారి కూడా సంతోషపడింది. మొగుడు కట్టడాల మీద ఎక్కడం ఆమెకెప్పుడూ భయమే. “కూసోని చేసే పనంట, స్టోర్ ఇంచార్జి అంట” అని ఊళ్ళో చెప్పుకుంది. అతను కాదనలేదు.

అసలు సంగతి, ఆ నడుముకు గిట్టనిది కూర్చోవడమే. అరగంట కుర్చీలో ఉంటే పిర్ర దగ్గర మొదలైన మంట తొడ వెనకగా పిక్కలోకి, పిక్క నుంచి మడమలోకి దిగేది. లేచి నిలబడితే పావుగంట నయం. ఆ తర్వాత నిలబడడమూ కష్టమే. నేల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిస్తే ఒక్కటే హాయి. మొదటివారంలో అట్టపెట్టెలు పరుచుకుని అలాగే పడుకున్నాడు. ఒకరోజు యార్డు చూడ్డానికి వచ్చిన సూపర్‌వైజరు తలుపు తీసి, ఏమీ అనకుండా ఫోనులో ఫోటో తీసుకుని పోయాడు. మర్నాడు డ్యూటీలో నిద్రపోయినందుకు వార్నింగ్ కాగితం వచ్చింది. అప్పటి నుంచి అతను పడుకోలేదు. పన్నెండు గంటలు కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం.

వేసవి వచ్చింది. క్యాబిన్ తలుపు తీస్తే ముఖానికి పొయ్యి సెగ కొట్టినట్టుండేది. లోపల ఏసీ రొద. ఆ రొదలో కొన్నాళ్ళు పాత పాటలు పాడుకున్నాడు. రిజిస్టరు వెనక పేజీల్లో యార్డులో ఉన్న ఇనుమంతా లెక్క రాశాడు. ఆరు మీటర్లవి, నాలుగు మీటర్లవి, వంగినవి, తుప్పు పట్టినవి. అదీ అయిపోయింది. ఆ తర్వాత చేయడానికేమీ మిగల్లేదు. గోడకున్న గడియారం వైపు వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. చూస్తే అది కదిలేది కాదు.

గేటు తాళంచెవి అతని జేబులోనే ఉండేది. తీసుకుని బయటికి పోవచ్చు. పోతే మట్టిరోడ్డు, ఇసక, ఎవరివో తోటల గోడలు. ఎక్కడికి పోవాలో తెలియని మనిషికి తాళంచెవి ఉండీ లాభం లేదు. ఒకట్రెండు సార్లు గేటు తీసి నిలబడి, ఎండకు కళ్ళు మూసుకుని, మళ్ళీ వేసుకుని వచ్చాడు.

జులై నాటికి నొప్పి నడుముతో ఆగలేదు. మెడ పట్టేసేది. తలలో ఒకవైపు పొడిచేది. అన్నం ముందు కూర్చుంటే కడుపు బిగదీసుకునేది. పొద్దున బస్సు పెద్దరోడ్డు దిగి మట్టిరోడ్డు ఎక్కగానే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఊపిరి ఆడేది కాదు. పోనీ సాయంత్రం బస్సు వస్తే హాయిగా ఉండేదా అంటే అదీ లేదు. ఎక్కి మనుషుల మధ్య కూర్చోవాలంటే వెనక్కి పరిగెత్తాలనిపించేది. గదిలో అందరూ వండుకుంటూ ఫోన్లు మాట్లాడుకుంటుంటే అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. ఇంటికి వీడియోలో చేయడం మానేసి, మాట వరకే చేసేవాడు. తర్వాత అదీ తగ్గించాడు.

క్యాంపు క్లినిక్కుకు నాలుగుసార్లు పోయాడు. నాలుగోసారి డాక్టరు కాగితాలు తిరగేసి హిందీలో అడిగాడు.

“నడుమన్నావు, కాలన్నావు. ఇప్పుడు తల, కడుపు. స్కానులో కొత్తగా ఏమీ లేదు. నిద్ర పోతున్నావా?”

“లేదు సార్.”

“టెన్షన్ పెట్టుకోకు. అంతా టెన్షనే.”

అవే మాత్రలు రాసిచ్చాడు. బయట బెంచీ మీద కూర్చుని రామాంజులు ఆ మాటే ఆలోచించాడు. టెన్షన్ పెట్టుకోకపోతే దాన్ని ఎక్కడ పెట్టాలో డాక్టరు చెప్పలేదు. తన నొప్పి నిజం కాదన్నాడా, నిజమే కానీ తనే తెచ్చుకున్నాడన్నాడా, అదీ తెలియలేదు. ఇంకోసారి పోలేదు.

అక్టోబరు మొదట్లో కాస్త చల్లబడింది. ఒక పొద్దున అతను యార్డు వెనక పక్క నడుస్తుంటే, ఒరిగిపోయిన పైపుల కుప్ప కనపడింది. పడిపోకుండా ఒక పైపును నిలబెట్టి ఊతం ఇద్దామనుకున్నాడు. అడుగున ఇనప పళ్ళెం పెట్టి, పైపు నిలువుగా పట్టి, అడ్డం ఇంకోటి కలిపి క్లాంపు బిగించాడు. స్పానర్ తిరిగే చప్పుడు విన్నాడు. చెయ్యి దానంతటదే పని చేసింది. అయిపోయాక తెలిసింది, అరగంటసేపు తలలో ఏ ఆలోచనా లేదని.

మర్నాడు మళ్ళీ పోయాడు. నాలుగు నిలువులు, నాలుగు అడ్డాలు. వంగకుండా పని చేసే ఉపాయాలు పదకొండేళ్ళ అనుభవంలో ఉన్నాయి. పైపును కొనతో లేపి, నిలువుగా నడిపించుకుంటూ తెచ్చేవాడు. అయినా నడుము ఊరుకోలేదు. మధ్యాహ్నానికి చెమటలు పట్టేంత నొప్పి. కానీ అది పని వల్ల వచ్చిన నొప్పి. ఎందుకొచ్చిందో తెలుసు. కుర్చీలో వచ్చేది అలాంటిది కాదు.

మొదట్లో సాయంత్రానికి విప్పేసేవాడు. తర్వాత విప్పలేదు. ఆ మూల కెమెరాకు కనపడదు, లారీలు అంత లోపలికి రావు. రోజుకు కొంచెం. ఒక్కోరోజు ఒక్క క్లాంపే. నెల తిరిగేసరికి పది మీటర్ల ఎత్తున పరంజా నిలబడింది. పక్కన కట్టడమేమీ లేదు. ఇసకలో ఒంటరిగా పరంజా. లోపల నిచ్చెన, పైన మూడు పలకలు, చుట్టూ కడ్డీలు, అన్నీ పద్ధతి ప్రకారం. ఎక్కొచ్చని తెలియజేసే పచ్చ ట్యాగు కూడా ఒకటి వెతికి తెచ్చి, తన పేరు రాసి కట్టాడు.

పైకెక్కితే ఖర్జూరపు తోటలు, కూరగాయల మడుల మీద కప్పిన తెల్లటి పట్టాలు, దూరంగా ఊళ్ళోని పాత బురుజులు, హైవే మీద చీమల్లా బళ్ళు కనిపించేవి. నడుముకు బెల్టు కట్టుకుని, కొక్కెం కడ్డీకి తగిలించుకుని, పలకల మీద వెల్లకిలా పడుకునేవాడు. అక్కడ ఎవరూ తలుపు తీసి ఫోటో తియ్యరు.

నవంబరులో ఒక మంగళవారం సాయంత్రం శివకుమారి ఫోన్ చేసింది.

“ఏమప్పా, మూడు దినాలాయ, ఫోన్ ఎత్తవు. బాగుండావా?”

“బాగుండా. పని.”

“ఏం పనో నీది, కూసునే పనే కదా. సరే, మా గిరి ఊరికే తిరగతాండాడు. మీ కంపెనీలో నీ మాదిరి పని ఏదన్నా వానికి చూడకూడదా? ఎండలో కాకుండా, లోపల కూసునేది.”

గిరి ఆమె తమ్ముడు. రామాంజులు చూస్తానన్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు బాత్రూముల దగ్గర నిలబడి, ఎవరో పిలిస్తే గదిలోకి వచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏడు నెలలుగా తను ఎలా ఉన్నాడో భూమ్మీద ఒక్కరికీ తెలియదు. తెలిసేలా చెప్పడానికి ఇప్పుడు దారీ లేదు. ఫైలు మూసుకోదు. నడుము మానదు. ఇంటికి పోతే మోసే పని చేయలేడు, ఇక్కడుంటే కూర్చోలేడు. ఎటు తిరిగినా అదే గోడ.

మర్నాడు పొద్దున మాత్రలు వేసుకోలేదు. టీ తాగలేదు. తొమ్మిదింటప్పుడు పరంజా ఎక్కాడు. బెల్టు కట్టుకున్నాడు. పైకి పోయాక మాత్రం కొక్కెం తగిలించుకోలేదు. మరిచిపోలేదు. చెయ్యి అటు పోలేదు, అంతే. పలకల చివర నిలబడి కడ్డీ మీద మోచేతులు ఆనించి కిందికి చూశాడు. ఇసక తెల్లగా ఉంది. ఎంతసేపు చూశాడో తెలియదు.

కొంచెం ముందుకు వంగాడు. అప్పుడు నడుము పట్టేసింది.

అంతకుముందెన్నడూ అలాంటి నొప్పి రాలేదు. ఎవరో వెన్నులోకి గునపం దించి తిప్పినట్టయింది. కాళ్ళ కింద పలక లేదనిపించింది. పడిపోతున్నాననుకున్నాడు. రెండు చేతులతో కడ్డీని పట్టుకుని, కిందికి జారి, పక్కకు ఒరిగి పలకల మీద పడ్డాడు. ఊపిరి తీసుకోవడానికి కూడా భయపడుతూ, వేళ్ళతో తడుముకుంటూ బెల్టు కొక్కెం వెతికాడు. అది దొరికి కడ్డీకి తగులుకునేదాకా ఇంకేమీ ఆలోచించలేదు.

ఆ తర్వాత కదల్లేకపోయాడు. ఫోను క్యాబిన్‌లో ఉంది. నీళ్ళ సీసా క్యాబిన్‌లో ఉంది. లారీ ఆరోజు రాదు. ఎండ మీదికొచ్చింది. తల తిప్పి నీడ కోసం చూశాడు, లేదు. “భాయ్” అని హిందీలో పిలిచాడు. “హెల్ప్” అన్నాడు. గొంతు గోడ దాటలేదు. మధ్యాహ్నం ప్రార్థన పిలుపు ఎక్కడో వినపడింది. కాలు కొంచెం జరుపుకోబోయేసరికి నొప్పి మళ్ళీ లేచింది. ఈసారి తెలియకుండానే గట్టిగా అరిచాడు.

“అమ్మా... అమ్మా...”

కాసేపటికి గోడ అవతల నుంచి గొంతు వినపడింది.

“ఎవురయ్యా అది? తెలుగోళ్ళా?”

రామాంజులు తన చెవులను నమ్మలేదు. “తెలుగే అన్నా,” అన్నాడు. “నడుము పట్టేసింది. లెయ్యలేకపోతాండా.”

“నీళ్ళుండాయా నీ దగ్గిర?”

“లేవు.”

“కదలబాక. వస్తా ఉండా.”

తోటలో వాడే నిచ్చెన గోడకు వేసుకుని, గోడ మీది నుంచి పైపుల కుప్ప మీదికి దిగి, పరంజా ఎక్కి వచ్చాడా మనిషి. యాభై ఏళ్ళుంటాయి. తలకు గుడ్డ చుట్టుకుని, మట్టి చేతులతో సీసా మూత తీసి, రామాంజులు తల కొంచెం లేపి నీళ్ళు పోశాడు. పేరు నాగూర్, ఆత్మకూరు వైపు, నెల్లూరు జిల్లా. ఆ తోటలో రెండేళ్ళ నుంచి పనిచేస్తున్నాడు.

“రెండేళ్ళా?” అన్నాడు రామాంజులు. “నేను ఏడు నెల్ల నుంచి ఈడే ఉండా.”

“గోడ మీంచి ఈ ఇనుము రోజూ పెరగతా ఉంటే కంపెనీ వాళ్ళేదో కడతా ఉండారనుకున్నా. నిన్ను కూడా ఒకసారి చూసినా. చెయ్యెత్తినా కూడా. నువ్వు చూళ్ళేదు.” నాగూర్ తలగుడ్డ విప్పి అతని ముఖం మీద నీడగా పట్టుకున్నాడు. “ఇదంతా ఒక్కడివే కట్టినావా? ఎందుకు?”

రామాంజులు కళ్ళు మూసుకున్నాడు. నాగూర్ మళ్ళీ అడగలేదు. జేబులోంచి ఫోను తీశాడు.

“ఆంబులెన్సుకు చెయ్యొద్దన్నా. కంపెనీకి తెలిస్తే డ్యూటీ పోతాది.”

“డ్యూటీ సంగతి తర్వాత. నువ్వు దిగేదెట్ట?”

నాగూర్ ఫోన్ చేసి, వచ్చిన కొద్ది అరబ్బీలో చోటు చెప్పాడు. సైరన్ వినపడేదాకా ఆ గుడ్డ పట్టుకునే కూర్చున్నాడు. అది దగ్గరయ్యాక లేచాడు. తోట వదిలి వచ్చినట్టు తెలిస్తే యజమాని ఊరుకోడని, గోడ అవతలే ఉంటానని చెప్పి, రామాంజులు జేబులోంచి గేటు తాళంచెవి తీసుకుని కిందికి దిగాడు. గేటు తాళం తీసిపెట్టి, వచ్చిన దారినే పోయాడు. ముగ్గురు మనుషులు రామాంజులును బుట్టలాంటి స్ట్రెచర్‌లో కట్టి, తాళ్ళతో నిదానంగా కిందికి దించారు. అతను కట్టిన పరంజా ఆ బరువుకు ఇంచు కూడా కదల్లేదు.

ఆసుపత్రిలో రెండో రోజు డాక్టరు వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన నర్సు సునంద. ఒంగోలు అమ్మాయి, తెలుగు మాట్లాడే మనిషి ఉంటే ఆమెనే పిలిచేవారు.

“ఎందుకు ఎక్కారని డాక్టరుగారు అడుగుతున్నారు. మీకు ఎలా వస్తే అలా చెప్పండి. నేను ఆయనకు చెప్తాను.”

“పని చేస్తాంటే తల ఊరుకుంటాంది మేడమ్.”

ఆమె చెప్పింది. డాక్టరు ఇంకో ప్రశ్న అడిగాడు. సునంద మంచం కడ్డీ మీద చెయ్యి వేసి తెలుగులో అడిగింది.

“కిందికి దూకాలని అనుకున్నారా?”

రామాంజులు పైకప్పు వైపు చూశాడు. “పొద్దున కొక్కెం తగిలించుకోల్యా. నొప్పి వచ్చినాక తగిలించుకున్నా. నాకు తెలిసింది అంతే.”

ఆ తర్వాత చాలాసేపు అడిగారు. నిద్ర సంగతి, తిండి సంగతి, బస్సులో ఊపిరాడకపోవడం, ఎవరికైనా చెప్పావా అని. ఒక్కొక్కటీ చెబుతుంటే తనకే ఆశ్చర్యం వేసింది. ఇన్ని ఉన్నాయని విడిగా ఎప్పుడూ అనుకోలేదు. అన్నీ కలిపి నొప్పి అనే అన్నాడు.

“తగ్గని నొప్పి మనసును తినేస్తుంది,” అంది సునంద. “మనసు అలా ఉంటే నొప్పి ఇంకా పెరుగుతుంది. రెండూ మీకున్న జబ్బులే. మీరు తెచ్చి పెట్టుకున్నవి కావు. రెండింటికీ మందు ఇస్తున్నారు. తొందరగా మాత్రం తగ్గవు, అది ముందే చెప్తున్నాను.”

అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె దుప్పటి సర్దినట్టు చేసి కాసేపు అక్కడే నిలబడింది.

మర్నాడు శుక్రవారం గౌస్ చూడ్డానికి వచ్చాడు. మంచం పక్కన నిలబడ్డాడు కానీ రామాంజులు కళ్ళలోకి చూడలేదు. “నేనే అన్న నసీబని,” అన్నాడు. “పక్క మంచమే రామన్నా. ఒక్క మాట చెప్పకపోతివి.”

అప్పుడే హమీదుద్దీన్ కూడా వచ్చాడు, చేతిలో ఒక కాగితం, పెన్ను. “అయిందేదో అయింది భాయ్. గిది సైన్ చెయ్యి. ఫైల్ బందయితది. వారంల ఇండియా పోతవ్.”

వారం. రామాంజులు పెన్ను తీసుకున్నాడు. ఏడు నెలలుగా మూసుకున్న తలుపు ఇంత సులువుగా తెరుచుకుంటుందనుకోలేదు. అతని వేలు కాగితం మీద చోటు వెతుకుతుంటే గౌస్ చెయ్యి అడ్డం పెట్టాడు. “జర ఆగు. ఏం రాసిన్రో సూడనియ్యి.”

గౌస్‌కు ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. వేలు పెట్టి ఒక్కో మాట చదివాడు. నడుము దెబ్బ పూర్తిగా నయమైందని ఉంది. కుటుంబ సమస్యల వల్ల మనసు చెడి, తన ఇష్టంతో పరంజా ఎక్కాడని ఉంది.

“ఇందుల ఇంటి లొల్లి అని రాసిన్రు. నీ ఇంట్ల లొల్లి ఉన్నదా?”

“లేదు.”

“నడుము తగ్గిందా?”

రామాంజులు పెన్ను దుప్పటి మీద పెట్టాడు. “తగ్గలేదు కదా సార్,” అన్నాడు హమీదుద్దీన్‌తో. “తగ్గిందని ఎట్ల సైన్ చేసేది?”

హమీదుద్దీన్ కాగితం మడిచాడు. కోపం లేదు అతని ముఖంలో, అలసట ఉంది. “నా చేతుల ఏం లేదు భాయ్. సైన్ చెయ్యకపోతే బోర్డు దాంక ఆగాలె. ఫిబ్రవరి అంటున్నరు. అప్పటిదాంక మళ్ల యార్డే.”

“తెలుసు సార్.”

పది రోజుల తర్వాత బస్సు అతన్ని అదే గేటు దగ్గర దించింది. మట్టిరోడ్డు ఎక్కగానే గుండె పట్టేసింది, మందులు వేసుకుంటున్నా. పరంజా విప్పేసి ఉంది. డాక్టరు రాసిన చీటీలో మూడు సంగతులున్నాయి. అరగంట మించి కూర్చోబెట్టకూడదు, పడుకోవడానికి పరుపు ఇవ్వాలి, ఒంటరిగా వదలకూడదు. కంపెనీ పలచటి పరుపు ఒకటి పంపింది. రెండో మనిషిగా అహ్మద్ అలీని పంపింది. బంగ్లాదేశ్ వాడు, వెల్డరు. కుడిచేతి మూడు వేళ్ళు మిషన్‌లో నలిగాయి. అతనిదీ లైట్ డ్యూటీయే, అతనిదీ ఫైలు నడుస్తోంది. ఇద్దరికీ వచ్చిన హిందీ అంతంతమాత్రం. కుర్చీ ఒకటే. గంటకోసారి లేచి నడవమని సునంద చెప్పింది కాబట్టి రామాంజులు గోడ వెంట నడిచేవాడు. అహ్మద్ అలీ మొదటి రెండు రోజులు చూసి, మూడో రోజు తనూ వెంట వచ్చాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, రామాంజులు క్యాబిన్ బయట నీడలో నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. వీడియోలో చేశాడు. గడ్డం అలాగే ఉంది. శివకుమారి తెర దగ్గరికి జరిగి చూసింది.

“ఏమప్పా, ఇట్లయినావు?”

చెప్పాడు. వరసగా రాలేదు. పరుపు సంగతి ముందొచ్చింది, ఫోటో తీసిన సూపర్‌వైజరు తర్వాత వచ్చాడు, పైపుల కట్ట ఆ తర్వాత. పరంజా మీద నిలబడిన సంగతి దగ్గర మాట ఆగిపోయింది. ఆమె అడగలేదు. చెప్పేదాకా ఊరుకుంది. చెప్పాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, కోపంగా అంది.

“ఏడు నెలలు. నేను ఊరంతా చెప్పుకుంటి, నా మొగుడు చల్లగా కూసున్నాడని. నాకెందుకు చెప్పల్యా?”

“ఏమని చెప్పాల? ఊరికే కూసోలేక చస్తాండా అని చెప్పాల్నా? ఎవరన్నా నమ్ముతారా?”

“నేను నమ్మనా?”

అతను ఫోను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఆమె స్వరం తగ్గించింది. “ఎప్పుడొస్తావు?”

“ఫిబ్రవరిలో బోర్డంట. అదీ జరుపుతారేమో. తెలీదు.” క్యాబిన్ గోడకు ఆనుకున్నాడు. “వచ్చినా ఏం చేస్తానో తెలీదు శివా. బరువెత్తేది లేదు ఇంక. నాకు భయమేస్తాంది.”

ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు అంతవరకు, డాక్టరుతో కూడా.

“నాకూ ఏస్తాంది,” అంది శివకుమారి. “ఏస్తే ఏస్తాది. దినామూ చెయ్యి. బాగుండానని చెప్పేకి కాదు. ఎట్లుంటే అట్ల చెప్పు. నేనేమీ అనను.”

గేటు బయట హారన్ మోగింది. లారీ. అహ్మద్ అలీ లోపల పరుపు మీద ఉన్నాడు, చేతికి కట్టు.

“ఫోను పెట్టేయొద్దు,” అన్నాడు రామాంజులు. “గేటు తీసొస్తా.”

“పెట్టను. పో.”

ఫోను చొక్కా జేబులో వేసుకుని, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిదానంగా గేటు వైపు నడిచాడు. గొళ్ళెం లాగాడు. డ్రైవరు తల బయట పెట్టి, యల్లా యల్లా అంటూ తొందరపెట్టాడు. లారీ దుమ్ము లేపుకుంటూ లోపలికి వచ్చింది. ఇనుము దింపుతున్న చప్పుడుకు ఏమీ వినపడలేదు. అంతా అయ్యాక, రిజిస్టరులో రాసి, గేటు వేసి, జేబులోంచి ఫోను తీశాడు.

“ఉండావా?” అన్నాడు.

“ఉండా,” అంది ఆమె. “చెప్పు.”